ఆ ఉత్తరాలు మోసిన పిల్ల సంగతేంటి?

ప్రశ్న: నేను ఒక నవల రాస్తున్నాను. అమెరికా అంతర్యుద్ధం నేపథ్యం. కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో జనపనార పండించే ఒక కలిగిన కుటుంబం. అన్న దక్షిణాది కాన్ఫెడరేట్ సైన్యంలో చేరతాడు. చెల్లెలు ఉత్తరాది యూనియన్ సైన్యంలో ఉన్న ఒక లెఫ్టినెంట్‌ను ప్రేమిస్తుంది. ఇంట్లో ఉండే నల్లజాతి బానిస పిల్ల వీళ్ల ప్రేమలేఖలు రహస్యంగా చేరవేస్తూ ఉంటుంది. 12 అధ్యాయాలు అయ్యాయి, మీకు పంపుతున్నాను. చదివిన స్నేహితురాలు, 'మీ హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి ఏడవడం తప్ప ఇంకేం చేయదా?' అంది. బాధేసింది కానీ నిజమే అనిపించింది. చివరికి ఆమె అన్న వైపు ఉండాలా, ప్రేమించినవాడి వైపా? శత్రుపక్షం ఆఫీసర్‌ని పెళ్లి చేసుకోవడం అప్పట్లో జరిగే పనేనా? పాఠకులు నమ్ముతారా? (పేరు వేయొద్దు.)

జవాబు: 12 అధ్యాయాలూ కూర్చుని చదివాను. ముందు మీ స్నేహితురాలికి నా తరఫున థాంక్స్ చెప్పండి, మొహమాటం లేకుండా ఉన్నమాట అంది. నేను లెక్కపెట్టాను కూడా. కిటికీ ఏడుసార్లు వచ్చింది, కన్నీళ్లు ఇంకా ఎక్కువే. కానీ తప్పు ఆ అమ్మాయిది కాదండీ, మీది. 'అన్నా, ప్రేమికుడా' అనే ఒకే ఒక్క ప్రశ్న ముందు ఆమెను నిలబెట్టి చేతులు కట్టేశారు. ఆ ప్రశ్నకి జవాబు మనసులో చెప్పుకోవాల్సిందే, మనసులో జరిగేది పాఠకుడికి కనపడాలంటే ఇక ఆ పిల్ల ఏడవక ఏం చేస్తుంది?

ఎవరి వైపు ఉండాలో నేను చెప్పను. ఎందుకంటే ఆ యుద్ధంలో మీ నాయికలాంటి ఆడవాళ్లకి అలా ఒకరోజు కూర్చుని తేల్చుకునే వీలే దొరకలేదు. మగవాళ్లకి దొరికింది. తర్వాత కాన్ఫెడరేట్ సేనానిగా పేరుపడ్డ రాబర్ట్ లీ 1861 ఏప్రిల్ 20న అమెరికా సైన్యానికి రాజీనామా రాసి, అదే రోజు బాల్టిమోర్‌లో ఉన్న అక్కకి ఉత్తరం రాసి, ఒక పేజీ తిప్పినట్టు ఇటు నుంచి అటు వెళ్లిపోయాడు. అక్కది యూనియన్ పక్షం, ఆమె కొడుకు యూనియన్ సైన్యంలోనే పనిచేశాడు. కత్తీ యూనిఫారమూ ఉన్నవాడికి రాజీనామా పత్రం అనేది ఒకటుంటుంది, దాని మీద తేదీ ఉంటుంది. ఇంట్లో ఉన్న అమ్మాయికి అవేవీ ఉండవు. ఆమె తన విధేయతను వాయిదాల్లో కట్టాలి. ఇవాళ ఎవరికి తలుపు తీసింది, రేపు ఏ కాగితం మీద సంతకం పెట్టింది, ఎల్లుండి ఏ ఉత్తరం పొయ్యిలో పడేసింది... ఇలా. మీరు రాయాల్సింది ఆ వాయిదాలే.

సరే, అసలు మీ కథ మొదట్లోనే ఒక పెద్ద పొరపాటు ఉంది, అది చెప్పాలి. మీరు ఆ లెఫ్టినెంట్‌ని ప్రతిచోటా 'శత్రువు' అంటున్నారు. ఎవరికి శత్రువు? మీ కథ జార్జియాలోనో మిసిసిపీలోనో జరిగితే ఆ మాట సరిపోయేది. కెంటకీ అలా కాదు. బానిసత్వం ఉన్న రాష్ట్రమే, కానీ యూనియన్ నుంచి విడిపోలేదు. అమెరికా అధ్యక్షుడు లింకన్ పుట్టిందీ అక్కడే, అవతలి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ పుట్టిందీ అక్కడే, ఏడాది లోపు తేడాతో. 1861 మేలో ఆ రాష్ట్రం 'మేం ఎవరి వైపూ కాదు, తటస్థం' అని ప్రకటించుకుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు ఒక వేసవి గడిపింది. సెప్టెంబర్‌లో కాన్ఫెడరేట్ సేనలు కొలంబస్ పట్టణంలోకి దిగగానే, రెండు మూడు రోజుల్లో యూనియన్ జనరల్ గ్రాంట్ వచ్చి పడూకా పట్టణం పట్టుకున్నాడు, ఆ ముచ్చట అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత సైన్యంలో చేరిన కెంటకీ మగవాళ్లలో ఎక్కువమంది యూనియన్ వాళ్ల నీలం యూనిఫారమే వేసుకున్నారు.

అంటే మీ లెఫ్టినెంట్ ఎక్కడో బోస్టన్ నుంచి ఊడిపడక్కర్లేదు. రెండు వీధుల అవతల ఉన్న లాయర్ గారి అబ్బాయి అయి ఉండొచ్చు, అన్నతో కలిసి బడికి వెళ్లినవాడు అయి ఉండొచ్చు. అప్పుడు ఎంత తేడా వస్తుందో చూడండి. సెనేటర్ జాన్ క్రిటెండెన్ ఉన్నాడు, కెంటకీ పెద్దమనిషి, యుద్ధం రాకుండా ఆపడానికి 1860 డిసెంబర్‌లో ఒక రాజీ ప్రతిపాదన పెట్టి ఓడిపోయినవాడు. ఆయన కొడుకుల్లో జార్జ్ కాన్ఫెడరేట్ జనరల్ అయ్యాడు, థామస్ యూనియన్ జనరల్ అయ్యాడు. రాజీ కుదర్చబోయిన మనిషి భోజనాల బల్లే రెండు ముక్కలైంది. ఇలాంటి ఊళ్లో 'శత్రువు' అనే మాటే ఎవరి నోట్లోంచీ సాఫీగా రాదు. వచ్చినప్పుడు మాత్రం చాలా గట్టిగా వస్తుంది, ఎందుకంటే ఆ మాట అంటున్నది చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడిని కదా.

ఇప్పుడు ఉత్తరాల సంగతి. ఇది చదువుతూ నేను నవ్వుకున్నాను, ఏమనుకోకండి. ప్రేమికుడి ఉత్తరాలు పావడా అంచులో కుట్టించి, అర్ధరాత్రి వాగు దాటించి, ఆ బానిస పిల్ల చేత అంత సాహసం చేయించారు. దేనికండీ? లెక్సింగ్టన్ 1861 శరదృతువు నుంచీ దాదాపు యుద్ధమంతా యూనియన్ చేతిలోనే ఉంది. మీ లెఫ్టినెంట్ యూనియన్ సైనికుడు. అతను మూడు సెంట్ల స్టాంపు అంటించి పోస్టులో వేస్తే ఉత్తరం నేరుగా ఇంటికొస్తుంది. నాన్నకి తెలియకూడదంటే ఏ స్నేహితురాలి పేరు మీదో తెప్పించుకుంటుంది, అంతే. దాటలేనివి ప్రేమికుడి ఉత్తరాలు కాదు. అన్న ఉత్తరాలు.

1861 మే నెలాఖరుతో అమెరికా తపాలా శాఖ విడిపోయిన రాష్ట్రాలకి సర్వీసు ఆపేసింది. ఆ వేసవిలో కొన్ని ప్రైవేటు కంపెనీలు లూయీవిల్, నాష్‌విల్ మధ్య ఉత్తరాలు చేరవేశాయి, ఆగస్టు చివరికి అదీ ఆగిపోయింది. ఆ తర్వాత చట్టప్రకారం మిగిలిన దారి తెల్లజెండా తపాలా ఒక్కటే. వర్జీనియా తీరంలో మన్రో కోట దగ్గర సంధి జెండా కింద ఇరుపక్షాలూ సంచులు మార్చుకునేవి. షరతులు వినండి: ఒక్క పేజీ దాటకూడదు, ఇంటి విషయాలు తప్ప ఏమీ రాయకూడదు, సంతకం ఉండాలి, కవరు అంటించకూడదు. అటువైపు స్టాంపుకీ ఇటువైపు స్టాంపుకీ రెండింటికీ డబ్బు కట్టాలి. మధ్యలో ఒక ఆఫీసర్ కూర్చుని చదివి, నచ్చితే పంపుతాడు, లేకపోతే లేదు.

చూశారా, మీరు రాసిందానికి పూర్తిగా తలకిందులైంది. ప్రేమించినవాడికి పది పేజీలు రాసుకోవచ్చు, ముద్దులు రాసుకోవచ్చు, అలకలు రాసుకోవచ్చు. కలిసి పెరిగిన అన్నకి మాత్రం ఒకే ఒక్క పేజీ, అదీ ముక్కూమొహం తెలియనివాడు చదివే పేజీ. అమ్మకి జబ్బు చేసిందని రాయొచ్చు. నాన్న నీ పేరెత్తనివ్వడం లేదని రాయొచ్చా? ఏమో, ఇంటి విషయమే కదా. నేను ఫలానావాడిని ప్రేమించాను అని రాయొచ్చు, కానీ అతను ఏ రెజిమెంటో రాయకూడదు. ఒక పేజీలో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి, మూడుసార్లు రాసి చింపి నాలుగోసారి ఏం మిగిల్చింది, ఇది రాయండి. ఒక అధ్యాయం మొత్తం ఇదే రాసినా నాకేం అభ్యంతరం లేదు. కిటికీ దగ్గరున్న అమ్మాయిని బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

దొంగదారి కావాలంటే అదీ ఉంది, కానీ అది కూడా అన్న ఉత్తరాల కోసమే. మిసోరీలో ఆబ్సలం గ్రైమ్స్ అని ఒక స్టీమర్ పైలట్, కాన్ఫెడరేట్ సైన్యంలో ఉన్న మిసోరీ కుర్రాళ్ల ఉత్తరాలు దొంగచాటుగా ఇళ్లకి చేర్చేవాడు. సెయింట్ లూయీలో అతనికి సాయపడి ఆ ఉత్తరాలు పంచిపెట్టిన ఆడవాళ్లుండేవారు. దొరికారు. 1863 మేలో వాళ్లలో కొందరిని స్టీమర్ ఎక్కించి దక్షిణాదికి పంపేశారు, ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి వెళ్లాల్సిందే. కొడుకు ఉత్తరం దాచుకున్నందుకు దేశం విడవాలి! మీ నాయిక డ్రాయరులో అలాంటి ఉత్తరం ఒకటుంది అనుకోండి. సాయంత్రం లెఫ్టినెంట్ టీకి వస్తాడు. అదే గదిలో కూర్చుంటాడు. అతని ఉద్యోగం ఏంటంటే అలాంటి ఉత్తరాలు వెతకడం. ఇక నేను చెప్పాలా?

ఇంకా బిగించాలంటే చరిత్రే మీకు తాడు ఇస్తోంది. లెక్సింగ్టన్ వాడే అయిన జాన్ హంట్ మోర్గన్ కాన్ఫెడరేట్ ఆశ్వికదళాన్ని వేసుకుని మళ్లీ మళ్లీ సొంత రాష్ట్రం మీద దాడికి వచ్చాడు, 1862 జులైలో ఒకసారి, అక్టోబర్‌లో ఏకంగా లెక్సింగ్టన్ అంచునే, 1864 జూన్‌లో మరోసారి ఊళ్లోకి. అతని వెంట ఉన్నవాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల కుర్రాళ్లే. మీ అన్నను అందులో పెట్టండి. అన్న ఒక రాత్రి వెనక గుమ్మం దగ్గరికి వస్తాడు, ఆకలిగా, తడిసిపోయి. 'పొద్దున్న ఊళ్లోకి వస్తున్నాం, నువ్వు మాత్రం వీధిలోకి రాకు' అని చెల్లెల్ని కాపాడ్డానికే చెబుతాడు. పాపం, ప్రేమతోనే చెబుతాడు. ఇప్పుడు ఆమెకి తెలిసిపోయింది. ఊరి చివర కాపలా ఉన్నది లెఫ్టినెంట్. చెబితే అన్న చస్తాడేమో, చెప్పకపోతే ఇతను చస్తాడేమో. తెల్లారడానికి నాలుగు గంటలుంది. ఇక్కడ ఎవరిని ఎక్కువ ప్రేమిస్తోంది అన్న ప్రశ్నే రాదు. చెప్పులేసుకుని బయటికి నడిచిందా లేదా అన్నదే ప్రశ్న.

1862 సెప్టెంబర్ కూడా వదలకండి. కాన్ఫెడరేట్ సేనలు లెక్సింగ్టన్ పట్టుకుని ఐదారు వారాలు ఉన్నాయి, అక్టోబర్ 8న పెరీవిల్ యుద్ధం అయ్యాక వెనక్కి పోయాయి. ఆ కొన్ని వారాలూ ఊరు తిరగబడింది. నిన్నటిదాకా తలదించుకు తిరిగిన ఇళ్లవాళ్లు జెండాలు కట్టారు, యూనియన్ వాళ్లు తలుపులు వేసుకున్నారు. మళ్లీ నెల తిరక్కుండానే అవే ఇళ్లు, అవే తలుపులు, వరస మారింది. ఎవరు ఏ జెండాకి చప్పట్లు కొట్టారో పక్కింటివాళ్లు గుర్తుపెట్టుకున్నారు. మీ నవల్లో ఆ ఐదు వారాలూ రెండు వాక్యాల్లో అయిపోయాయి, అందులో ఒకటి ఆకురాలు కాలం వర్ణన.

ఇక మీరు సూటిగా అడిగిన ప్రశ్న. శత్రుపక్షం ఆఫీసర్‌ని పెళ్లి చేసుకోవడం జరిగిందా? జరిగింది. మీరు రాస్తే నమ్మరేమో అనేంత విచిత్రంగా జరిగింది. వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊళ్లో ఆంటోనియా ఫోర్డ్ అనే అమ్మాయి కాన్ఫెడరేట్లకి సమాచారం చేరవేసేది. వాళ్ల జనరల్ స్టూవర్ట్ ఆమెను తన గౌరవ సహాయకురాలిగా నియమిస్తున్నట్టు 1861లో ఒక పత్రం కూడా రాసిచ్చాడు. 1863 మార్చిలో యూనియన్ వాళ్లు ఆమెని పట్టుకుని వాషింగ్టన్ జైలుకి పంపారు. పట్టుకెళ్లిన వ్యవహారంలో ఉన్న మేజర్ జోసెఫ్ విలార్డ్ ఆమె మీద మనసు పడ్డాడు, విడిపించడానికి తిరిగాడు. చివరికి ఆమె అమెరికా ప్రభుత్వానికి విధేయురాలినని ప్రమాణం చేసింది, అతను సైన్యంలోంచి తప్పుకున్నాడు, 1864 మార్చి 10న పెళ్లయింది. ఆమె 1871లో పోయింది, నిండా 33 ఏళ్లు లేవు. అతను మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

దీన్ని సినిమా ప్రేమకథలా చదవకండి. ఎవరేం చెల్లించారో చూడండి. ఆమె తన మాట మార్చుకుంటూ కాగితం మీద సంతకం పెట్టింది. అతను యూనిఫారం విప్పాడు. ఇద్దరూ దాన్నెప్పుడూ మనసులో తీసుకున్న నిర్ణయంలా చేయలేదు, ఆఫీసులో, సాక్షుల ముందు, సిరాతో చేశారు. బెల్ బాయ్డ్ అనే ఇంకో కాన్ఫెడరేట్ గూఢచారిదీ ఇంతే. 1864 మేలో ఆమె ఎక్కిన ఓడని యూనియన్ నౌకాదళం పట్టుకుంది, దాన్ని స్వాధీనం చేసుకుని నడిపించడానికి వచ్చిన శామ్యూల్ హార్డింజ్ ఆమెతోనే ప్రేమలో పడ్డాడు, ఆగస్టులో లండన్‌లో పెళ్లి చేసుకున్నారు. అతని ఉద్యోగం పోయింది. అతని కాపలాలో ఉన్న ఆ ఓడ కెప్టెన్ తప్పించుకుపోయాడు కదా, ఉద్యోగం పోక ఏమవుతుంది. కాబట్టి నమ్ముతారా అని బెంగపెట్టుకోకండి. పెళ్లి జరిగిందంటే నమ్ముతారు, ఊరికే జరిగిందంటే నమ్మరు.

పెళ్లికాని వైపు కూడా ఒక్కసారి చూడండి, ఎందుకంటే లెక్సింగ్టన్ అంటే మేరీ టాడ్ లింకన్ పుట్టిన ఊరు. ప్రెసిడెంటు గారి భార్య. ఆమె సవతి తమ్ముళ్లు కాన్ఫెడరేట్ల తరఫున పోరాడారు, ఇద్దరు 1862లోనే చనిపోయారు. సవతి చెల్లెలు ఎమిలీ భర్త బెన్ హార్డిన్ హెల్మ్‌కి లింకన్ యుద్ధం మొదట్లోనే మంచి ఉద్యోగం ఇస్తానన్నాడు. అతను వద్దని అటువైపు వెళ్లాడు, కాన్ఫెడరేట్ జనరల్ అయ్యాడు, 1863 సెప్టెంబర్‌లో చికమాగా యుద్ధంలో చనిపోయాడు. ఆ డిసెంబర్‌లో ఎమిలీ పుట్టింటికి పోవడానికి సరిహద్దు దాటబోతే మన్రో కోట దగ్గర విధేయతా ప్రమాణం చేయమన్నారు. చేయనంది. భర్త పోయి మూడు నెలలు కాలేదు, ఆయన్ని చంపిన ప్రభుత్వానికి నేను విధేయురాలినని ఎలా అంటుంది? చివరికి లింకన్ తన దగ్గరికే పంపమన్నాడు. అలా కాన్ఫెడరేట్ జనరల్ భార్య వైట్‌హౌస్‌లో అతిథి అయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ యుద్ధం మాట ఎత్తకుండా జాగ్రత్తగా మాట్లాడుకున్నారట. పిల్లలకి ఆ జాగ్రత్త ఎక్కడిది? ప్రెసిడెంట్ మా నాన్న అని లింకన్ కొడుకు, కాదు జెఫ్ డేవిస్ అని ఎమిలీ కూతురు, పొయ్యి ముందు కూర్చుని పోట్లాడుకున్నారని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు.

అక్కడితో అయిపోలేదు. వెళ్లేటప్పుడు లింకన్ ఆమెకి రక్షణగా ఒక కాగితం రాసిచ్చాడు. 1864 ఆగస్టులో కెంటకీలో ఉన్న యూనియన్ జనరల్ బర్‌బ్రిడ్జ్ ఆమెని అరెస్టు చేయబోతే ఆ కాగితం చూపించిందని పుకారు వచ్చింది. అప్పుడు లింకన్ ఆ జనరల్‌కి ఏమని తంతి పంపాడంటే, హెల్మ్ భార్య అయినందుకు ఆమెని ఎవరూ వేధించకూడదనే ఆ కాగితం ఇచ్చాను, వెళ్లాక ఆమె చేసిన పనులకీ అన్న మాటలకీ అది వర్తించదు, వేరేవాళ్లతో ఎలా ఉంటారో ఆమెతోనూ అలాగే ఉండండి అని. మరదలే. ఇంట్లో అన్నం పెట్టిన మనిషే. అయినా ఒక గీత గీశాడు, ఎక్కడ గీయాలో తెలిసి గీశాడు. మీ నవల్లో నాన్న పాత్ర చాలా పేలవంగా ఉంది. ఆయనకి ఇలాంటి గీత గీసే సందర్భం ఒకటి ఇవ్వండి, బతుకుతాడు.

లెఫ్టినెంట్ గురించి కూడా ఒక మాట. అతను మరీ నిర్మలంగా ఉన్నాడు. నీలం కోటు వేసుకున్నాడు కాబట్టి బానిసత్వానికి వ్యతిరేకి అని మీరు అనుకున్నట్టున్నారు. కెంటకీ యూనియన్ ఆఫీసర్లలో బానిసలున్నవాళ్లు బోలెడుమంది. వాళ్లు పోరాడింది దేశం ముక్కలు కాకూడదని, బానిసల్ని విడిపించడానికి కాదు. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన కూడా కెంటకీకి వర్తించలేదు, తిరుగుబాటు ప్రాంతాలకే పరిమితం. 1864లో నల్లవాళ్లని సైన్యంలో చేర్చుకుంటున్నారని తెలిసి యూనియన్ ఆశ్వికదళం కల్నల్ ఫ్రాంక్ వుల్ఫర్డ్ మార్చిలో మీ లెక్సింగ్టన్‌లోనే ఒక సభలో దుమ్మెత్తిపోశాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ సభలో మీ లెఫ్టినెంట్‌ని కూర్చోబెట్టండి. చప్పట్లు కొట్టాడా? మీ నాయిక పక్కనే ఉంది. చప్పట్లు కొట్టిన చేతుల్ని ఆమె చూసిందా? అసలు ఆమెకైనా అందులో తప్పు కనపడిందా? నాకైతే కనపడలేదనే అనిపిస్తోంది, మీరు ఆమెని అంత అమాయకంగా రాశారు.

ఇప్పటిదాకా పక్కన పెట్టిన మాట ఇప్పుడు చెబుతాను. ఆ పనిపిల్ల. ఉత్తరాలు మోసే పిల్ల. మీ నాయికకి పేరు, ఇంటిపేరు, ముద్దుపేరు మూడూ పెట్టారు. గుర్రానికి కూడా పేరుంది. 12 అధ్యాయాల్లో ఆ పిల్లకి పేరు లేదు. పట్టుబడితే నాయికకి మహా అయితే పరువు పోతుంది, ఆ పిల్లకి వీపు చిట్లుతుంది, లేదా అమ్మేస్తారు. అయినా అమ్మగారంటే ప్రాణం కాబట్టి నవ్వుతూ వెళ్లొస్తుంది, అంటారు మీరు. ఎందుకు వెళ్తుందండీ? 'విధేయత' అనే మాట మీ నవల్లో ఎక్కువసార్లు వచ్చింది ఆమె గురించే, ఆ విధేయత ఎక్కడి నుంచి వచ్చిందో మీరు ఒక్కసారీ అడగలేదు. ఆమెకీ ఒకడుంటాడు కదా. మొగుడో, మొగుడు కాబోయేవాడో, నాలుగు మైళ్ల అవతల వేరే యజమాని పొలంలో. బానిసల పెళ్లికి చట్టంలో విలువే లేదు. యజమాని ఎప్పుడు ఎవరిని అమ్మితే అప్పటితో ఆ పెళ్లి సరి.

1864లో లెక్సింగ్టన్‌కి దక్షిణాన జెసమీన్ కౌంటీలో క్యాంప్ నెల్సన్ అనే యూనియన్ స్థావరంలో నల్లజాతి బానిసల్ని సైన్యంలో చేర్చుకోవడం మొదలుపెట్టారు. చేరిన మగవాడికి స్వేచ్ఛ. అతని భార్యకీ పిల్లలకీ లేదు, వాళ్లు యజమాని సొత్తుగానే ఉంటారు. భర్త యూనిఫారం వేసుకున్నాడన్న కోపమంతా యజమాని ఎవరి మీద తీర్చుకుంటాడో ఊహించుకోండి. అందుకని ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని క్యాంపు దగ్గరికే వచ్చి చిన్న చిన్న గుడిసెలు వేసుకున్నారు. నవంబర్‌లో, ఎముకలు కొరికే చలిలో, క్యాంపు కమాండర్ ఆ 400 మంది ఆడవాళ్లనీ పిల్లలనీ బండ్లెక్కించి బయటికి తోలించి గుడిసెలు పడగొట్టించాడు. వాళ్లలో వంద మంది దాకా చనిపోయారు.

అందులో జోసెఫ్ మిల్లర్ అనే సైనికుడు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ఇప్పటికీ ఉంది. కొడుక్కి ఏడేళ్లు, జబ్బుతో ఉన్నాడు, బయటికి పంపితే చచ్చిపోతాడు అని బతిమాలాడు. బండి ఎక్కకపోతే కాల్చేస్తామన్నారు. ఆ రాత్రి ఆరు మైళ్ల అవతల ఉన్న నికలస్‌విల్‌కి వెతుక్కుంటూ వెళ్తే భార్యాపిల్లలు చలిలో వణుకుతూ కనిపించారు, కొడుకు అప్పటికే పోయాడు. రాత్రికే తిరిగి డ్యూటీకి వచ్చేశాడు. పొద్దున్నే మళ్లీ నడిచి వెళ్లి, తనే గొయ్యి తవ్వి, బిడ్డని పూడ్చి, మళ్లీ క్యాంపుకి వచ్చాడు. బిడ్డని చంపింది ఏ సైన్యమో ఆ సైన్యానికే తిరిగొచ్చి హాజరు వేయించుకున్నాడు. ఎందుకంటే మిగిలిన పిల్లలకి స్వేచ్ఛ అంటూ వస్తే ఆ సైన్యం గెలిస్తేనే వస్తుంది. ఆ ఘోరం ఎవరి కంటా పడకపోతే ఏమయ్యేదో గానీ, పత్రికలకెక్కి గొడవైంది. 1865 మార్చి 3న అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసింది, సైన్యంలో చేరిన నల్లవాడి భార్యా పిల్లలకి కూడా ఆ క్షణం నుంచీ స్వేచ్ఛ అని. పెళ్లికి కాగితం అక్కర్లేదు, కలిసి కాపురం చేశారని రుజువైతే చాలు అని కూడా రాశారు అందులో. నిన్నటిదాకా చెల్లని కాపురమే ఆమె విడుదలకి సాక్ష్యం అయింది.

రెండు పక్షాల మధ్య నలిగిన ప్రేమ అని మీరు నవల మొదలుపెట్టారు కదా. మీ ఇంట్లోనే, మీ వంటింటి పక్క గదిలోనే అసలైనది జరుగుతోంది, మీరు ఆమె చేత వేరేవాళ్ల ఉత్తరాలు మోయిస్తున్నారు.

దీనికోసం కథ మార్చేసి ఆమెనే నాయికని చేయమనడం లేదు. మీ కథ మీరు రాయండి. 13వ అధ్యాయంలో ఒక్క పని చేయండి చాలు. 1864 జూన్ పెట్టండి. అన్న రాసిన దొంగ ఉత్తరం ఆ పిల్ల చేతికి వచ్చింది. మీ నాయిక చెయ్యి చాపింది. ఆ పిల్ల ఇవ్వలేదు. 'మా ఆయన రేపు క్యాంప్ నెల్సన్ పోతున్నాడమ్మా, నాన్నగారు నన్ను లూయీవిల్‌లో అమ్మేస్తానంటున్నారు. నన్ను దారిలో ఎవరూ ఆపకుండా మీరు నాకు ఒక పాస్ రాసివ్వండి, ఉత్తరం ఇస్తాను' అంది. అంతే. లేదా ఇంకా ఘోరంగా, ఉత్తరం లెఫ్టినెంట్‌కే ఇస్తానంది. ఇప్పుడు మీ నాయిక అన్ననీ ప్రేమికుడినీ పక్కనపెట్టి ముందు ఈ పిల్లకి జవాబు చెప్పాలి. తను ఎవరో, ఎవరి వైపో ఆ జవాబుతో తేలుతుంది, ఏ పెళ్లితోనూ తేలదు. రాసిస్తుందా? నాన్న సంతకం తను పెడుతుందా? 'ఇంత చేశాం నీకు' అని తిడుతుందా? నాకు మాత్రం ముందు తిడుతుందనే అనిపిస్తోంది. తిట్టాక రాత్రి నిద్రపట్టక లేస్తుందేమో. అది మీ ఇష్టం.

పాస్ రాయించేటప్పుడు తేదీ చూసుకోండి. క్యాంపులో గుడిసెలు పడగొట్టిన నవంబర్‌కి ఆమె అక్కడే ఉండాలా, వద్దా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. ఆమె అక్కడుంటే మీ లెఫ్టినెంట్ కూడా ఆ చుట్టుపక్కల ఎక్కడో డ్యూటీలో ఉండే ఉంటాడు, బండ్ల పక్కన.

ఇంకొక చిన్న సంగతి. తొమ్మిదో అధ్యాయంలో అన్నకి రాసిన ఉత్తరానికి ఎర్ర లక్కతో ముద్ర వేయించారు, బాగానే వర్ణించారు కానీ తీసేయండి. మన్రో కోట మీదుగా పోవాలంటే ఆ కవరు తెరిచే ఉండాలి.